జానెడు కింద నేల

తిమ్మక్క చనిపోయిన ఉదయం మా పేట కింద నేల జానెడు దిగిపోతుంది.

నేను తలుపు తీసి గడప దాటి కాలు పెడతాను. కాలు ఆనుతుంది, కానీ మట్టికి కాదు. వంగి చూస్తే నా అరికాలికీ నేలకీ మధ్య ఒక జానెడు ఎడం ఉంది. ఆ ఎడంలోంచి ఒక కోడిపిల్ల తల వంచకుండానే ఇటు నుంచి అటు వెళుతుంది. కోళ్లన్నీ నేల మీదే ఉన్నాయి. వాటికి ఏ ఇబ్బందీ లేదు.

పేట జనం ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. ఆడవాళ్లు బిందెలు చంకన పెట్టుకుని గాలి మీద నడిచి కుళాయి దగ్గరికి పోతున్నారు. కుళాయి నేలతో పాటు దిగింది కాబట్టి వంగి తిప్పుకోవాలి. ఎవరూ కేక వేయడం లేదు. ఏదైనా తగ్గినప్పుడు మా వాళ్లు ముందుగా నడుము వంచుతారు.

గంగులప్ప తన గుడిసె ముందు నిలబడి కిందికి చూస్తున్నాడు. అతను నా భార్య తిమ్మక్కకు అన్న, నాకు బావ. పేటలో డోలు వాయించేది అతనే.

"నేల దిగింది బావా," అంటాడు.

"చూస్తాండా."

"మనం దిగలా."

"దిగలా."

"అయితే పడిపోయేదేం లేదులే," అని బీడీ ముట్టిస్తాడు.

నేను తిమ్మక్క సంగతి చెబుతాను. అతను బీడీ ఆర్పి, మిగిలిన ముక్క చెవి మీద పెట్టుకుని, లోపలికి వచ్చి చెల్లెలి పాదాలు చూస్తాడు. ఆమె మంచం మీద కూడా ఆనడం లేదు. నులకకు జానెడు పైన, పక్కకు ఒత్తిగిలి, బతికున్నప్పుడు పడుకున్నట్టే ఉంది.

"తేలిపోతాది. కట్టెయ్," అంటాడు గంగులప్ప.

కట్టడానికి దారం ఇంట్లోనే ఉంది. తిమ్మక్క మిల్లులో పత్తి ఊడ్చేది. మిల్లు మూసేశాక ఆమె దగ్గితే నోట్లోంచి దారం వచ్చేది. నేను పక్కన కూర్చుని కండెకు చుట్టేవాణ్ణి. మంచి నూలు, నలభై కౌంటు. ఎంత లాగినా తెగేది కాదు. ఇప్పుడు ఆ దారం ఒక కొస ఆమె మణికట్టుకు, ఇంకో కొస మంచం కోడుకు కడతాను. ముడి మెత్తగా వేస్తాను. ఆమెకు గాజులు ఒత్తుకుంటే నచ్చదు.

*

మేం గడ ఎక్కే వాళ్లం. ఊళ్లో మా కులం పేరు ఒక తిట్టు. పిల్లలు కొట్టుకున్నప్పుడు ఒకర్నొకరు మా పేరు పెట్టి తిట్టుకుంటారు. మా పిల్లలు కొట్టుకునేటప్పుడు మాత్రం ఏమని తిట్టుకోవాలో తెలియక ఊరకుంటారు. అందువల్ల మా పేటలో కొట్లాటలు తొందరగా అయిపోతాయి. అది ఒక మేలు.

మా తాతల కాలం నుంచీ మా వాళ్లు ఊరూరా తిరిగి పొడుగాటి వెదురు గడ పాతేవాళ్లు. మా ఆడమనిషి దాని చివరికి ఎక్కి, పొట్ట ఆనించి, చేతులూ కాళ్లూ చాచి గిర్రున తిరిగేది. ఆ తర్వాత కింద డోలు వాయించే మనిషి అడిగేవాడు, ఈ నేల ఎవరిదమ్మా అని. ఆమె పసుపు బియ్యం నాలుగు దిక్కులా చల్లుతూ ఒక్కొక్కరి చేనూ పేరు పెట్టి పిలిచి, పండాలని దీవించేది. కింద మా వాళ్లంతా వంత పలికేవాళ్లు. ఆ ఏడు ఆ చేలు పండేవి. దీవించిన వాళ్లు మాత్రం ఆ ఊళ్లో నిద్ర చేయకూడదు. చేస్తే దీవెన మళ్లీ వాళ్ల వెంట వెళ్లిపోతుందని ఊరికి భయం. పొద్దుగూకే లోపు గడ పీక్కుని పొలిమేర దాటాలి.

తర్వాత ప్రభుత్వం నూలు మిల్లు పెట్టింది. ఇక తిరగొద్దు, ఈ మిల్లు మీది కూడా అని చెప్పింది. మేం మిల్లు వెనక గుడిసెలు వేసుకుని గడను చూరుకు కట్టేశాం. తిమ్మక్క గడ దిగి చీపురు పట్టింది. నేను బి.ఎ. చదివాను కాబట్టి టైమాఫీసులో కుర్చీ ఇచ్చారు. మిల్లు గోడ మీద 'ఇది ప్రజల సొత్తు' అని మనిషెత్తు అక్షరాలు ఉండేవి. మిల్లు మూతపడ్డాక యంత్రాలు లారీలు ఎక్కాయి. ఆ వెనకే అక్షరాలు కూడా గోడ దిగి, వరసగా నడిచి, ఆఖరి లారీ ఎక్కాయి.

పనికిరాని సామాను మాకు మిగిలింది. సైరను గంగులప్ప గొంతులోకి వచ్చింది. షిఫ్టు వేళకు అతను నోరు తెరిస్తే అది మోగుతుంది, పేటంతా లేచి, లేని గేటు ముందు వరసలో నిలబడుతుంది. నాకు నా కుర్చీ వచ్చింది. ఎక్కడికి వెళ్లినా కొంచెం కుంటుతూ నా వెంట నడుస్తుంది. ఊళ్లో నన్ను ఎవరూ కూర్చోమనరు కాబట్టి అది ఉండడం మంచిదే.

*

తిమ్మక్కకు చోటు కావాలి. మా వాళ్లను పూడ్చిపెడతాం. మట్టి బరువు మీద పడితేనే చనిపోయిన వాళ్లు చనిపోయి ఉంటారు. లేకపోతే తేలికైపోయి ఎటో కొట్టుకుపోతారు.

మిల్లు వెనక గోడ దగ్గర, మా అమ్మను పెట్టిన చోట, నా కూతురు సుంకులు పార తీసుకుని తవ్వుతోంది. పార నేలకు తగులుతుంది, మట్టి వస్తుంది. ఆ మట్టి పార మీద ఒక క్షణం నిలబడి, మమ్మల్ని చూసి, పక్కకు జారి గుంతలోకి తిరిగి వెళ్లిపోతుంది. సుంకులు చాలాసేపు తవ్వుతుంది. గుంత పడదు. చెమట మాత్రం నేలకు అందుతుంది.

"నాయనా, ఊరి కాటికి పోయి అడుగుదామా?" అంటుంది.

కాటికాపరి సమాధుల మధ్య నిమ్మచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. నా కుర్చీని చూసి లేచి నిలబడతాడు. నన్ను చూసి మళ్లీ కూర్చుంటాడు.

"మీవోళ్లు ఈడ ఎప్పుడూ లేరు గదా," అంటాడు.

"మిల్లు వెనక పెట్టేవాళ్లం. అక్కడ నేల దిగిపోయింది."

"ఈడ దిగలా. ఇది ఊరోళ్ల నేల." అతను నాకు నమ్మకం కలగడానికి పాదంతో గట్టిగా తొక్కి చూపిస్తాడు. "నిజం చెప్పల్లంటే, మీవోళ్లు సచ్చిపోతారని ఊళ్లో ఎవురూ అనుకోలా. వస్తారు, ఆడతారు, పోతారు. సచ్చేదానికి మీకు టైమ్ యాడిది?"

"మా ఆడమనిషికి దొరికింది."

"పాపం," అంటాడు. ఆ మాట మనసులోంచే అంటాడు. "ఎండన పడి వచ్చినావు. నీళ్లు తాగు."

నేను దోసిలి పడతాను. అతను చెంబు చాలా ఎత్తు నుంచి వంచుతాడు. మా మధ్య నీళ్లు పొడుగ్గా, అద్దంలా నిలబడతాయి. నీళ్లు చల్లగా ఉన్నాయి. అది చెప్పాలి.

*

తిరిగి వచ్చేసరికి సర్వేయరు మా గుడిసె ముందు ఉన్నాడు. చేతిలో ఇనుప గొలుసు ఉంది. అతను ఊరి మనిషి కాబట్టి నేల మీదే నిలబడి ఉన్నాడు, అందువల్ల మాకంటే పొట్టిగా కనిపిస్తున్నాడు. లోపలికి వచ్చేముందు చెప్పులు విడుస్తాడు. మా ఇంటి ముందు చెప్పులు విడిచిన మొదటి ఊరి మనిషి అతనే. నేను ఆ చెప్పుల వైపు చాలాసేపు చూస్తాను.

"రంగనాయకులు గారూ, మీరు చదువుకున్నవారు, అర్థం చేసుకుంటారు," అంటాడు. "మిల్లు అమ్మినప్పుడు నేలను కూడా అమ్మేశారు. మిమ్మల్ని అమ్మలేదు. అందుకని నేల కొన్నవాళ్ల వైపు దిగింది, మీరు ఉన్నచోటే ఉన్నారు. ఇందులో మీకు జరిగిన అన్యాయం ఏమీ కనపడదు."

"కనపడదు సార్," అంటాను.

"నాకు కూడా కనపడలేదు. రెండుసార్లు చూశాను." అతను మంచం వైపు చూసి, గొంతు తగ్గిస్తాడు. "ఆమెకా?"

"ఆమెకే. ఆరడుగులు చాలు."

సర్వేయరు గొలుసులోని లింకులను జపమాలలా వేళ్ల మధ్య తిప్పుతాడు. తర్వాత చెబుతాడు. నేల కొన్న ధనుంజయ ప్లాట్లు వేస్తున్నాడు. రేపు పూజ. పాత ఆచారం కదా అని, పూజకు గడ ఎక్కించాలని అతనికి ముచ్చటగా ఉంది. ప్లాట్లు బాగా పోతాయట. మా వాళ్లను పిలవబోతున్నాడు.

"గడ చివర నుంచి ఎవరి పేరు పిలిస్తే నేల వాళ్లదవుతుంది," అంటాడు సర్వేయరు. "ఇది మేం పెట్టిన రూలు కాదు. మీదే. ఇన్నాళ్లూ ఆ ఊళ్లన్నీ ఎలా వచ్చాయనుకున్నారు? మీ అమ్మాయిని ఒక్కసారి మీ పేరు పిలవమనండి. ఈ నేల తిమ్మక్కది అంటే చాలు. నేను గొలుసు పట్టుకుని కిందే ఉంటాను. విన్నంత మేరా కొలిచి ఇచ్చేస్తాను."

"ఇంతవరకూ మావాళ్లు ఎవరూ పిలవలేదా సార్?"

"ఎందుకు పిలవలేదో నాకూ ఆశ్చర్యమే," అంటాడు. చెప్పులు తొడుక్కుని, పొట్టి మనిషిగా వెళ్లిపోతాడు.

*

మాబున్ని హోటల్లో మాకు వేరే గ్లాసు ఉంది, బయట మేకుకు తగిలించి. ఆ గ్లాసును ఆమె రోజూ చింతపండుతో తోముతుంది. లోపలి గ్లాసుల కంటే అదే ఎక్కువ మెరుస్తుంది. ఈరోజు ఆమె టీ ఇచ్చి డబ్బులు తీసుకోదు.

"వదిన పోయిందంట గదన్నా."

"పోయింది చెల్లెమ్మా."

"చోటు దొరికిందా?"

"రేపు దొరకొచ్చు."

ఆమె లోపలికి వెళ్లి ఒక కుండీ తెస్తుంది. అందులో కరివేపాకు మొక్క ఉంది. పాదం కంటే కొంచెం పెద్ద కుండీ. మొక్కను వేర్లతో పీకి పక్కన పెట్టి, కుండీతో సహా మట్టి నా చేతుల్లో పెడుతుంది.

"ఇది నాదే. ఎప్పుడో మా పుట్టింటి నుంచి తెచ్చుకున్న మట్టి. దీన్ని ఎవురూ అమ్మలా, ఎవురూ కొనలా. రేపు ఏమన్నా తక్కువ పడితే కలుపుకో."

"మొక్క ఎండిపోతుంది గదా?"

"దాన్ని టీ నీళ్లల్లో పెట్టుకుంటాలే. అలవాటు పడతాది."

మట్టి చేతిలో బరువుగా ఉంది. ఉదయం నుంచి నాకు తగిలిన మొదటి బరువు అదే.

*

పేటంతా మా గుడిసె ముందు చేరింది. చూరు నుంచి గడ దించారు. ఇన్నేళ్లూ చీకట్లో ఉండి అది కొంచెం పొడుగు పెరిగింది. గంగులప్ప డోలు వేడి చేసి సుంకులు ముందు కూర్చుంటాడు. సుంకులు చిన్నప్పుడు తిమ్మక్క దగ్గర గడ నేర్చుకుంది. ఇప్పుడు కల్యాణ మండపంలో అంట్లు కడుగుతుంది, చేతులు మెత్తబడ్డాయని భయపడుతోంది.

"ఎక్కేది మర్సిపోవులే. పలికేదే మనం నేర్సుకోవాల," అంటాడు గంగులప్ప. డోలు మీద ఒక దెబ్బ వేస్తాడు. "ఎవురిదమ్మా ఈ నేల?"

"మా అమ్మది," అంటుంది సుంకులు.

"గట్టిగా!"

"మా అమ్మ తిమ్మక్కది!"

బాగానే ఉంది. పక్కనున్న వాళ్లకు కూడా అనాలని అనిపిస్తుంది. గంగులప్ప భార్య చౌడమ్మ ముందుకు వచ్చి, "మాది" అంటుంది. అనగానే ఆమెకు పొలమారుతుంది. వీపు మీద తడితే నోట్లోంచి చిన్న పత్తికాయంత దూది బయటికి వస్తుంది.

"ఏందత్తా, మాది అనేదానికే ఇంత అడ్డం పడిందా?" అని సుంకులు నవ్వుతుంది.

"నవ్వుబాకే. నువ్వు రేపు ఎండన గడెక్కి అను, తెలుస్తాది."

ఒక్కొక్కరూ వచ్చి అంటున్నారు. ఒక్కొక్కరికీ దూది వస్తోంది. నేను కూడా అంటాను. నాకు బి.ఎ. ఉంది కాబట్టి దూది శుభ్రంగా, గింజ తీసినది వస్తుంది. అదంతా పోగు చేసి తిమ్మక్క తల కింద దిండు పెడతాం. సుంకులు ఒక్కదానికే ఏమీ రావడం లేదు. ఆమె నోరు ఖాళీగా, శుభ్రంగా ఉంది. అందుకని అందరం ధైర్యంగా ఉన్నాం.

*

మర్నాడు పూజకు వస్తాం. మిల్లు ఉన్నచోట ఇప్పుడు పసుపు రంగు వేసిన హద్దు రాళ్లు ఉన్నాయి. షామియానా వేశారు. గడకు గుంత ధనుంజయ మనుషులే తవ్వారు, వాళ్ల మాట మట్టి వింటుంది. గడ ఆ గుంతలో నిటారుగా నిలబడింది. మా సామానులో నేల అందింది దానికొక్కదానికే. మేం దాని చుట్టూ జానెడు పైన నిలబడి తాళ్లు పట్టుకున్నాం.

తిమ్మక్కను నా కుర్చీలో కూర్చోబెట్టి తీసుకొచ్చాను. చేతి దారం రెండో కొసను కుర్చీకి కట్టాను. నేల రాగానే ఆలస్యం చేయకుండా పెట్టేయాలి. మాబున్ని ఇచ్చిన మట్టి, కుండీతో సహా, ఆమె కాళ్ల దగ్గర ఉంది.

ధనుంజయ తెల్లచొక్కా వేసుకుని, వచ్చిన వాళ్లకు మంచినీళ్ల సీసాలు పంచుతున్నాడు. తిమ్మక్క దగ్గర ఆగుతాడు.

"ఏమ్మా, కులాసానా?"

"చనిపోయింది," అంటాను.

"ఓ. కూర్చుంది గదా అని అడిగినా." సీసా ఆమె ఒళ్లో పెట్టి ముందుకు వెళతాడు.

సుంకులు చీర గోచీ పోసి కట్టుకుని వస్తుంది. గుంపులో ఎవరో ఈల వేస్తారు.

"చూస్కోమ్మా, మైల మనిషివి మా ప్లాటు మీద పడేవు!"

"పడనులేన్నా, నేల మాకు అందదు గదా," అంటుంది సుంకులు. "పడినా పైన్నే ఉంటా."

గుంపు నవ్వుతుంది. సర్వేయరు నవ్వడు. గొలుసు రెండు చేతులా పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నాకు కనిపించేలా తల ఊపుతాడు.

సుంకులు ఎక్కుతోంది. చేతులు ఏమీ మరిచిపోలేదు. తాళ్లు పట్టుకున్న మా అందరి మెడలూ ఆమెతో పాటు పైకి లేస్తున్నాయి. చివరికి చేరి పొట్ట ఆనించి ఒకసారి, ఇంకోసారి తిరుగుతుంది. ఆమె నీడ హద్దు రాళ్ల మీదుగా గుండ్రంగా తిరిగి వస్తుంది. తర్వాత కూర్చుని, ఒడిలోంచి పసుపు బియ్యం పిడికిట్లోకి తీసుకుంటుంది.

గంగులప్ప డోలు కొడతాడు.

"ఎవురిదమ్మా ఈ నేల?"

సుంకులు గుక్క తీసుకుంటుంది. ఆ గుక్క చాలా పెద్దది. షామియానా గుడ్డ కూడా అటువైపు లాగినట్టు వంగుతుంది.

"శేషన్న బావి చేను పండాల!" అంటుంది.

నేను తాడును ఇంకొంచెం బిగించి పట్టుకుంటాను.

"పాపన్న కుంట మడి నిండాల! నరసమ్మ జొన్న చేను నడుమెత్తు రావాల!"

పై నుంచి ఆమె మమ్మల్ని చూస్తోంది. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. నోరు మాత్రం ఆగడం లేదు. ఆగకూడదు కూడా, దీవెన మధ్యలో ఆపితే గడ విరుగుతుంది. ఆమె పిడికిలి తెరుచుకుంటోంది, బియ్యం ఎగురుతోంది. తాతలు పలికిన పేర్లు, చచ్చిపోయిన రైతుల పేర్లు, వాళ్ల మనవళ్ల పేర్లు, తూర్పు నుంచి పడమటికి, ఒక్క గట్టు కూడా వదలకుండా వస్తున్నాయి. చివరగా ఈ నేల వస్తుంది.

"ధనుంజయ ప్లాట్లు సల్లగుండాల! కొన్నోళ్ల ఇండ్లు కళకళలాడాల!"

"ఆడాల!" అని వంత పలుకుతాం. పేటంతా పలుకుతుంది. చౌడమ్మ పలుకుతుంది. నేను కూడా పలుకుతున్నాను, నా గొంతు నాకు వినిపిస్తోంది. మొదటి పేరు దగ్గర నుంచీ పలుకుతూనే ఉన్నామని అప్పుడు తెలుస్తుంది. ఒక్కరి నోట్లోనూ దూది లేదు.

సర్వేయరు గొలుసు మెల్లగా మడిచి సంచిలో పెట్టుకుంటాడు.

గుంపు చప్పట్లు కొడుతుంది. పాత చీరలూ చొక్కాలూ మా వైపు విసురుతున్నారు. సుంకులు దిగి వచ్చి నా ముందు నిలబడుతుంది. పెదాలు ఇంకా కదులుతున్నాయి, అరచేత్తో మూసుకుంటుంది.

"నాయనా, నేను అమ్మ పేరే అందామనుకున్యా."

"తెలుసు తల్లీ."

"గడ మీద నా నోరు నాది కాదు నాయనా."

నేను ఆమె జుట్టులోంచి పసుపు బియ్యం ఏరుతాను. "బాగా పలికినావు," అంటాను. "ఒక్కరి పేరు కూడా తప్పిపోలా. మీ అమ్మ విని ఉంటాది."

*

ధనుంజయ చేతి గడియారం చూసుకుంటున్నాడు.

"సరే, మంచిగా జరిగింది. ఇంక పొద్దుగూకేలోపు..." అని ఆగుతాడు. "నేను చెప్పేదేముంది, మీ ఆచారమే గదా."

"మా మనిషిని ఇంకా పెట్టుకోలేదు," అంటాను.

"యాడన్నా పెట్టుకోండి. ఈడ మాత్రం దీవెన అయిపోయింది."

గడ పీకాలని చూస్తాం. గడ రావడం లేదు. అప్పుడు నేల మళ్లీ దిగడం మొదలవుతుంది. ఈసారి జానెడు కాదు. ముందు నడుమెత్తు, తర్వాత మనిషెత్తు, తర్వాత బావి లోతు. ఊరు మొత్తం నేలతో పాటు, చేలతో, షామియానాతో, సమాధుల మధ్య నిమ్మచెట్టుతో సహా నెమ్మదిగా కిందికి వెళుతోంది. ధనుంజయ తలెత్తి చూస్తూ చిన్నవాడవుతున్నాడు. గడ ఒక్కటే నేలకూ మాకూ మధ్య సాగి సాగి నిలబడి ఉంది. మేం ఉన్నచోటే ఉన్నాం.

పొద్దు వాలుతుంది. షిఫ్టు వేళ అవుతుంది. గంగులప్ప నోరు తెరుస్తాడు, సైరను మోగుతుంది.

తిమ్మక్క కుర్చీలోంచి లేస్తుంది.

చనిపోయినా సైరనుకు లేవడం ఆమెకు అలవాటు. మణికట్టు దారం దానంతట అదే విడిపోతుంది. ఆమె ఒళ్లోని నీళ్ల సీసాను జాగ్రత్తగా కుర్చీలో పెట్టి, గడ దగ్గరికి వచ్చి, కొంగు బిగించి ఎక్కుతుంది. పెళ్లికి ముందు నేను దూరం నుంచి చూసిన ఎక్కడం అదే. గడ వంగడం లేదు. చివర పొట్ట ఆనించి, చేతులు చాచి, తిరగడం మొదలుపెడుతుంది.

ఆమె నుంచి మట్టి రాలుతోంది. ముందు చీర అంచు నుంచి, తర్వాత జుట్టు నుంచి, మోచేతుల నుంచి. ఎర్రటి, మెత్తటి, జల్లెడ పట్టిన మట్టి. కింద ఊరివాళ్లు గొడుగులు తెరుస్తారు. తర్వాత మట్టిని చూసి గొడుగులు తిరగేస్తారు. దుప్పట్లు పరుస్తారు, చాటలు పట్టుకుంటారు. దిగిపోయిన వాళ్లకు మట్టి ఇంకా కావాలి కాబోలు.

"ఈ పక్కమ్మా! బావి చేను ఈ పక్క!"

"మడికి చాల్లేదు తల్లీ, ఇంగొంచెం!"

ఎవరు పిలిస్తే ఆమె అటు తిరుగుతుంది. ఎవరినీ తప్పించదు. తిరిగినకొద్దీ సన్నబడుతోంది. చివరికి గడ మీద ఏమీ మిగలదు. ఒక వెండి మెట్టె మాత్రం టప్పున వచ్చి మాబున్ని కుండీలో పడుతుంది.

ఇప్పుడు కింద ఊరంతా తిమ్మక్క. వాళ్లు ఆమె మీద చెప్పులతో నడుస్తున్నారు. ప్రతి పాదాన్నీ మట్టి ఒక క్షణం పట్టుకుని వదిలేస్తోంది. నేను బయటికి వెళ్లేటప్పుడు, తిన్నావా అని అడగడానికి, ఆమె నా చొక్కా అంచు అలాగే పట్టుకునేది.

మాకు కుండీ ఉంది. దాన్ని కుర్చీ మీద పెట్టాం. పేటంతా గాలిలో వరసగా నిలబడి, ఒక్కొక్కరూ వచ్చి ఒక్కొక్క కాలు అందులో పెట్టి, మట్టి తగలగానే కళ్లు మూసుకుని, తర్వాతి వాళ్లకు చోటు ఇస్తున్నారు. ఎవరూ తోసుకోవడం లేదు. నా వంతు వస్తుంది. బొటనవేలికి మెట్టె తగులుతుంది. ఇంకా వెచ్చగా ఉంది.

కింద చేలన్నీ ఒక్కసారిగా పండుతున్నాయి. వరి కాదు, జొన్న కాదు. ప్రతి మడిలోనూ, ప్రతి ప్లాటులోనూ వెదురు గడలు మొలిచి, మా వైపు పెరుగుతున్నాయి. గడ గడకూ చివర తిమ్మక్క ఉంది. వేలెడంత, గింజ కట్టినట్టు, పొట్ట ఆనించి, చేతులు చాచి తిరుగుతోంది. వేలమంది తిమ్మక్కలు గాలికి ఒకే వైపు తిరుగుతున్నారు. గట్ల మీద ఊరివాళ్లు బారులు తీరి కూర్చుని కొడవళ్లు నూరుకుంటున్నారు.

గంగులప్ప డోలు అందుకుంటాడు. సుంకులు రెండు చేతులతోనూ నోరు మూసుకుంటుంది. నేను పళ్లు బిగబట్టి, కుండీలో కాలు అదిమిపెట్టి నిలబడతాను.

మొదటి కొడవలి లేస్తుంది. మా నోళ్లన్నీ ఒక్కసారే తెరుచుకుంటాయి.

"పండాల!" అంటున్నాం. "నిండాల!"